టిన్ను నీళ్ళ పాస్టరు

అవును, నేనే. పలాస స్టేషన్లో దిగి టిన్ను నీళ్ళ పాస్టరు ఇల్లు ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళు తిన్నగా తెచ్చి మా గుమ్మం ముందు దింపుతారు. వెక్కిరించడానికే పెట్టారు ఆ పేరు. పెట్టినవాళ్ళకి వెక్కిరింపు పాతబడిపోయింది, నాకు పేరు మాత్రం మిగిలింది. నీళ్ళ వ్యాను వచ్చి హారను కొట్టినప్పుడల్లా మా ఆవిడ ఇప్పటికీ "మీ సరుకొచ్చింది" అంటుంది.

రిటైరయ్యాక కుర్ర పాస్టర్లు నా దగ్గరికి రావడం ఎక్కువైంది. వస్తారు, టీ తాగుతారు, వర్షాల గురించీ జీడిపప్పు రేటు గురించీ మాట్లాడతారు, లేచేముందు గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతారు. "అయ్యగారూ, మీరు ఆర్థొడాక్స్ కాదని తీసేశారట కదా?" ఒక్కొక్కరికీ మొదట్నించీ చెప్పి నాకు నోరు నొప్పి పుడుతోంది. అందుకని రాస్తున్నాను. చదివి ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే మీకు ఏదో ఒక కమిటీలో మంచి పదవి రాసిపెట్టి ఉంది.

పలాసలో జీడి ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉన్న మందిరానికి నేను చాలా ఏళ్ళు పాస్టరుని. వారంలో రెండు రోజులు టెక్కలి దగ్గర మా సంఘాలవాళ్ళ బైబిలు పాఠశాలలో పాఠం చెప్పేవాణ్ణి. సంఘ చరిత్ర నా సబ్జెక్టు. పిల్లలు దానికి నిద్రమాత్ర అని పేరు పెట్టారు. నేను మెత్తనివాణ్ణి కాదని ముందే చెబుతున్నాను. దుర్బోధ వాసన అందరికంటే ముందు నా ముక్కుకే తగులుతుందని మావాళ్ళే అనేవారు. ఒకాయన ఉద్దానం ఊళ్ళు తిరిగి, "నమ్మకముంటే డయాలసిస్ ఎందుకు, మానెయ్యండి" అని కిడ్నీ రోగులకి బోధిస్తుంటే, కవిటి సెంటర్లో నలుగురి ముందు నిలబెట్టి కడిగేసి పంపించాను. ఆ బోధ మీద టెక్కలిలోని మా సంఘాల కమిటీ అప్పుడు నోరు మెదపలేదు. ఈ ముక్క తర్వాత పనికొస్తుంది.

మావి ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘాలు. పసిపిల్లలకి ఇవ్వం. పెరిగి, తెలిసి, నమ్మి, నలుగురిలో నోటితో ఒప్పుకున్నవాళ్ళని నీళ్ళలో నిలువునా ముంచి లేపుతాం. ఏడాదికోసారి వ్యాను కట్టించుకుని నౌపడ ఉప్పుమడులు దాటి సముద్రానికి పోతాం. బాప్తిస్మం పొందినవాళ్ళకే ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. పోయాక మా సమాధుల తోటలో చోటు కూడా వాళ్ళకే.

ఇక ఈ గొడవంతా ఎవరి గురించి వచ్చిందో ఆమె సంగతి. కొబ్బరితోటల మధ్య కవిటి వైపు ఊళ్ళో పుట్టి పలాస కోడలైంది. జీడిపిక్కలు కొట్టే పని. వేళ్ళు జీడి రసానికి ఎప్పుడూ నల్లగా ఉండేవి. భర్త ఆటో నడిపేవాడు, మా మతం కాదు. ఆటో అద్దానికి అమ్మవారి బొమ్మ, పక్కన నిమ్మకాయ. ఆదివారం భార్యని మందిరం దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా బయట ఆటోలోనే పడుకునేవాడు. "దాని దేవుడు దానికి, నా దేవత నాకు, కిరాయి ఒకటే" అనేవాడు. ఆమె వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడేది. రాగం ఆమె వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చేది.

అంత పాడే మనిషి బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకమ్మా అంటే, "మా అత్త బతికున్నన్నాళ్ళూ ఆ మాటెత్తను అయ్యగారూ. ముసల్దాన్ని ఏడిపించి నాను పరలోకం ఎల్లలేను" అనేది. అత్తగారు పోయింది. ఆ ఏడు బాప్తిస్మానికి పేరిచ్చింది. ఈలోగా కాళ్ళు వాచాయి. మా ఉద్దానంలో అక్షరాలు రాని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు, ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె తల్లి పోయింది కూడా కిడ్నీల జబ్బుతోనే. చివరి రోజుల్లో కూతురి దగ్గరకొచ్చి మా సంఘంలో చేరిన తల్లి మా సమాధుల తోటలోనే ఉంది.

డయాలసిస్ మొదలుపెట్టి మెడ పక్కన ట్యూబు వేశారు. ఆమె నన్ను అడిగింది రెండే. పోయేలోపు ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలి. పోయాక తల్లి పక్కన పడుకోవాలి. రెంటికీ బాప్తిస్మం కావాలి, బాప్తిస్మానికి మునగాలి.

"తాగడానికే కొలిసి ఇత్తన్నారు అయ్యగారూ నీళ్ళు. ములగడానికి నాకెవులిత్తారు?" అని నవ్వింది.

నేను డయాలసిస్ సెంటరుకి వెళ్ళి అక్కడి నర్సుని అడిగాను. ట్యూబుకి ప్లాస్టిక్ సంచీ చుట్టి, టేపు వేసి, ఒక్క క్షణం ముంచి లేపితే? ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "సార్, ఆ ట్యూబు కొస గుండెకాడ ఉంటాది. తడిసి చీము పట్టిందంటే మనిషి దక్కదు. తలస్నానమే వద్దంటన్నాం మేం. మీరు సముద్రంలో ముంచుతానంటే నాను పోలీసులకి పోన్ సేత్తాను" అంది. తడిగుడ్డతో ముఖం తుడుచుకోవచ్చా, నడినెత్తి మీద కొంచెం నీళ్ళు పడితే ఫరవాలేదా అని అడిగాను. మెడకి చుక్క దిగకుండా చూసుకుంటే ఫరవాలేదంది.

అప్పుడు టెక్కలి వెళ్ళాను. మా కమిటీ చైర్మను నా క్లాసుమేటు. బైబిలు కాలేజీలో ఒకే గది, ఒకే సబ్బు. పరీక్షల్లో ఒకసారి నేను ఫస్టు, ఒకసారి వాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ఎప్పుడూ అనను.

"ఆగమనురా" అన్నాడు. "చేతికి నరం కలిపే ఆపరేషను చేస్తారు కదా, ఫిస్టులానో ఏదో. అది పనిచేస్తే మెడలో ట్యూబు తీసేస్తారు. అప్పుడు సముద్రంలో ముంచు, నేనూ వచ్చి పాట పాడతాను."

మంచి సలహాయే. ఆగాం. ఎడమ చేతికి ఆపరేషను చేశారు, నరం మూసుకుపోయింది. కుడి చేతికి చేశారు, అదీ అంతే. ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. "రెండూ అయిపోనాయి. ఇంక కాళ్ళకి సేత్తారేమో మీ సేర్మన్ గార్ని కనుక్కోండి."

మళ్ళీ టెక్కలి వెళ్ళాను. వాడు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దేవుడు మనసు చూస్తాడురా. మునిగినా మునగకపోయినా ఆమెకి రక్షణ ఉంటుంది. అందులో నాకు అనుమానం లేదు."

"మరి రొట్టె?"

"అది కుదరదు. రూలు నీకూ తెలుసు."

"సమాధుల తోట?"

"అదీ అంతే."

"అంటే పరలోకంలో దేవుడు చోటిస్తాడు, పలాసలో ఆరడుగులు నువ్వివ్వవు. దేవుడికంటే నీ గేటు ఇరుకన్నమాట."

"నోరు జారకు" అన్నాడు. జారలేదు, తెలిసే అన్నాను. వచ్చేశాను.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోమన్నాను. మందిరం ముందు వరసలో ఆమెకి కుర్చీ వేశాం. మెడకి దూది, పైన ప్లాస్టిక్, ఆపైన తువ్వాలు చుట్టుకుని వచ్చింది. చేతిలో స్టీలు చెంబు. డాక్టరు చెప్పిన కొలతకి సరిపడా చూసి కొన్న చెంబది. పొద్దున్నే టిన్ను నీళ్ళతో నింపుకుంటే రాత్రి పడుకునేదాకా ఆ నీళ్ళే. మా వైపు బావి నీళ్ళ మీద, బోరు నీళ్ళ మీద నమ్మకం పోయి చాలాకాలమైంది. ఈ జబ్బు నీళ్ళ వల్లనో కాదో పెద్ద పెద్దవాళ్ళే తేల్చలేదు, మేం మాత్రం భయపడి టిన్నులు కొనుక్కుంటున్నాం.

"వీటితో పొయ్యండి అయ్యగారూ. ఇయి నా నీళ్ళు" అంది.

"మరి తాగడానికి?"

"ఇయాల తాగను. కానుకనుకోండి."

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళ దాహం మీరు చూశారో లేదో. నాలుక పిడచకట్టుకుపోతుంది. ఐసు ముక్క చప్పరించి గంట గడుపుతారు. వద్దమ్మా, నేను వేరే నీళ్ళు తెప్పిస్తానన్నాను. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు పలాసలో లేరు.

తల ముందుకి వంచింది. కింద బేసిను పెట్టాం. తండ్రిని నమ్ముతున్నావా అని అడిగాను. నమ్ముతున్నానంది. కుమారుణ్ణి నమ్ముతున్నావా అన్నాను, ఆత్మను నమ్ముతున్నావా అన్నాను. ప్రతిసారీ జవాబు చెప్పింది, ప్రతిసారీ నడినెత్తిన కొంచెం కొంచెంగా పోశాను. మెడకి చుక్క దిగలేదు. వెంటనే రొట్టె, రసం ఇచ్చాను. నల్లటి వేళ్ళతో రొట్టెముక్క అందుకుని నోట్లో పెట్టుకుని నవ్వింది. ఏడ్చింది నేను.

ఎవరో సెల్లులో వీడియో తీశారు. మర్నాటికి వాట్సాప్‌లో ఇచ్ఛాపురం దాకా వెళ్ళింది, టిన్ను నీళ్ళ బాప్తిస్మం అని పేరు పెట్టుకుని. ఆ తర్వాత టెక్కలి రమ్మని నాకు కబురు.

కమిటీ గది మీకు తెలుసు, అప్పుడూ అలాగే ఉండేది. పొడుగు బల్ల, ప్లాస్టిక్ పూలు, గోడకి పాత పాస్టర్ల ఫొటోలు. చైర్మను లేచి నా మీద ఆరోపణ చదివాడు. సంఘం అనాదిగా పట్టుకున్న ఆర్థొడాక్స్ విశ్వాసం నుంచి నేను తొలగిపోయానట. నాకు నవ్వొచ్చింది, నవ్వేశాను. "ఏటండీ ఆ నవ్వు?" అని ఒక పెద్దమనిషి కోప్పడ్డాడు.

"పాతికేళ్ళుగా ఆ మాటకి అర్థం మీ పిల్లలకి చెబుతున్నవాణ్ణి, నన్ను నవ్వనివ్వండి" అన్నాను. కూర్చోమన్నారు, నిలబడే మాట్లాడాను. ఆరోజు అక్కడ చెప్పింది మీకూ చెబుతాను, మీ పాఠాల్లో ఇది వేగంగా దాటించేస్తారు.

ఆర్థొడాక్సీ గ్రీకు మాట. సరైన అభిప్రాయం అని మనం అర్థం చెబుతాం. దేవుణ్ణి సరిగ్గా మహిమపరచడం అని తూర్పు సంఘాలవాళ్ళు చెబుతారు. మొదటి మూడు వందల ఏళ్ళు సంఘానికి రాజు అండ లేదు, ఆస్తి లేదు, దాక్కుని బతికింది. ఆ రోజుల్లో విశ్వాస ప్రమాణం అంటే బాప్తిస్మానికి నిలబడ్డ మనిషిని అడిగే ప్రశ్నలే. తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ణి నమ్ముతున్నావా, ఆత్మను నమ్ముతున్నావా. నమ్ముతున్నానన్నవాడు మనవాడు. ఆ ప్రశ్నలే పెరిగి పెరిగి తర్వాత ప్రమాణాలయ్యాయి. నేను ఆమెని అడిగినవి కూడా అవే. అప్పుడైనా నీళ్ళు దొరికినచోట ముంచేవారు, దొరకనిచోట నెత్తిన మూడుసార్లు పోసేవారు. మంచం పట్టినవాడికి పోసిందీ చిలకరించిందీ కూడా పూర్తి బాప్తిస్మమే, సగం కాదు అని ఉత్తర ఆఫ్రికాలో ఒక బిషప్పు గట్టిగా వాదించాడు. అయితే మంచం మీద బాప్తిస్మం పొందినవాణ్ణి పాస్టరుగా పెట్టుకోవడానికి కొన్నిచోట్ల ఒప్పుకోలేదు, అదీ దాచను. "ఆమె పాస్టరు పోస్టు అడగడం లేదు" అన్నాను.

తర్వాత నాలుగో శతాబ్దంలో ఒక చక్రవర్తి మన పక్షం వచ్చి నికయలో మహాసభ పెట్టించాడు. వచ్చిన బిషప్పుల్లో వెనకటి హింసల్లో కన్ను పోయినవాళ్ళు, కాలు విరిగినవాళ్ళు ఉన్నారని చెబుతారు. అక్కడ వాదన నీళ్ళ కొలత గురించి కాదు, క్రీస్తు గురించి. కుమారుడు తండ్రితో సమానుడైన దేవుడా, తండ్రి చేసిన సృష్టా? సమానుడే అని తేల్చారు. తేలిపోయిందా? ఎక్కడ! ఆ తీర్పు పక్షాన మొండిగా నిలబడ్డ బిషప్పుని తర్వాత ఐదుసార్లు ఊరి నుంచి వెళ్ళగొట్టారు. సభల మీద సభలు పెట్టి ఆయనదే తప్పన్నారు. కమిటీలన్నీ ఒక పక్క, ఆయన ఒక్కడూ ఒక పక్క. ఇవాళ మనం ఆర్థొడాక్స్ అంటున్నది ఆ కమిటీలు చెప్పిందాన్ని కాదు, ఆయన చెప్పిందాన్ని.

ఇంకో ఏడు వందల ఏళ్ళకి తూర్పు సంఘం, పడమటి సంఘం విడిపోయాయి. ప్రమాణంలో కలిపిన ఒక మాట గురించీ, రొట్టెలో పులిపిండి గురించీ, ఎవరు పెద్ద అనేదాని గురించీ. ఒకర్నొకరు వెలివేసుకున్నారు. తూర్పువాళ్ళు ఆర్థొడాక్స్ అనే పేరు ఉంచుకున్నారు. మాతో చదివిన కేరళ ఆర్థొడాక్స్ కుర్రాడు గడ్డం దువ్వుకుంటూ, మీరందరూ మొన్న పుట్టినవాళ్ళు అని మా చైర్మన్నీ నన్నూ ఆటపట్టించేవాడు. ఆ సంగతి చైర్మనుకి గుర్తుచేస్తే బల్ల వెనక వాడి పెదవి నవ్వుకి కొంచెం కదిలింది.

"ఇవన్నీ మనకెందుకండీ? మన పద్ధతి ముంచడం" అన్నాడు ఇందాకటి పెద్దమనిషి.

"మన పద్ధతే చెబుతున్నాను" అన్నాను. "ఐదు వందల ఏళ్ళ కిందట, నమ్మినవాళ్ళకే బాప్తిస్మం అని యూరప్‌లో మొదట తెగించినవాళ్ళు మన తాతలు. వాళ్ళని దుర్బోధకులని పట్టుకున్నది ఎవరు? ఆర్థొడాక్స్ మేమే అనుకున్నవాళ్ళు. నీళ్ళంటే మీకంత ఇష్టమైతే ఇదిగో అని, చేతులు కట్టి నదిలో ముంచి చంపారు. ముంచి చంపారండీ! ఆ తాతలు మొట్టమొదట ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నది ఎలాగో తెలుసా? ఒక ఇంట్లో రహస్యంగా కూడి, నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. మన వంశం మొదలైందే పోసిన నీళ్ళతో."

చైర్మనుకి ఇది తెలుసు, ఆ పరీక్షలో వాడే ఫస్టు. తల దించుకుని, "అయినా అంత కొంచెం నీళ్ళా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "కొంచెమా? ఆ రోజుకి ఆమెకున్న నీళ్ళన్నీ అవేరా! సముద్రంలో మునిగి లేచి, ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకున్నవాళ్ళం నువ్వూ నేనూ. ఆమె ఆ రోజంతా ఎండు నోటితో ఉంది. ఎవరి నీళ్ళు ఎక్కువో నువ్వే కొలువు. డయాలసిస్ మానెయ్యమని చెప్పి తిరిగినవాణ్ణి ఈ బల్ల ముందుకి పిలిచారా మీరు? ప్రాణం తీసే బోధకి లేని విచారణ, ప్రాణం కాచుకుని ఇచ్చిన బాప్తిస్మానికి పెట్టారు. ఇదా హితబోధ?"

అదే సమయానికి బయట ఆటో ఆగింది. ఆమెని ఎవరూ పిలవలేదు. డయాలసిస్ లేని రోజు చూసుకుని, భర్తని లేపి వచ్చేసింది. ముఖం ఉబ్బి ఉంది, నడక తూలుతోంది. భర్త గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి బయట నిలబడ్డాడు. ఆమె నేరుగా బల్ల దాకా వచ్చింది.

"నాది సెల్లదన్నది ఎవులయ్యా?"

చైర్మను లేచాడు. "కూర్చో అమ్మా. నీ మీద మాకేం లేదు, మాట్లాడుతున్నది పద్ధతి గురించి."

"కూకోను. లెగడం కట్టం నాకు." మెడకి చుట్టుకున్న కండువా తీసేసింది. ట్యూబు, దాని చివర రెండు బిరడాలు, చుట్టూ ప్లాస్టరు, అందరికీ కనబడ్డాయి. "ములిగితేనే బాప్తీసం అంటన్నారు. సరే, మీ మాటే కానియ్యండి. సముద్రం దగ్గరే, ఆటో బయటుంది. నాను రడీ. మీలో ఎవులు ముంచుతారో లెగండి."

ఎవరూ లేవలేదు.

"మీరా అయ్యగారూ?" అని నన్ను కోప్పడిన పెద్దమనిషిని అడిగింది. ఆయన ప్లాస్టిక్ పూలు చూశాడు. "పోనీ మీరా?" అని పక్కాయన్ని అడిగింది. చైర్మను దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. "మీరు ముంచుతారా సేర్మన్ గారూ? మీ సెయ్యి నా మెడ మీదెట్టి ముంచండి. నాకు బయిం నేదు. మీకుందా?"

వాడు బల్ల మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముంచలేనోళ్ళు, పోసినాయన్ని ఎందుకడుగుతన్నారయ్యా?" అని కండువా చుట్టుకుని, "రండి అయ్యగారూ, ఎల్లిపోదాం" అంది నాతో. నేను రాలేనమ్మా, తీర్పు వినాలి అన్నాను. "ఇనండి. నాకు ఇనాల్సిన పని నేదు" అని వెళ్ళిపోయింది.

తీర్పుకి ముందు భోజనాలు పెట్టారు. నాకూ పెట్టారు, కోడికూర బాగుంది. మధ్యాహ్నం చెప్పారు. తప్పయిందని ఒప్పుకునేదాకా పాస్టర్ల పట్టీలోంచి నా పేరు తీసేస్తున్నారు. ప్రసంగం చెయ్యకూడదు, పాఠం చెప్పకూడదు. ఆమె బాప్తిస్మం చెల్లిందని గానీ చెల్లలేదని గానీ అనలేదు. పెండింగు అన్నారు. నికయ మహాసభలో కూడా ఇంత తెలివైనవాళ్ళు లేరు.

"ఒప్పుకుంటావా?" అని చైర్మను అడిగాడు, దాదాపు బతిమాలినట్టు.

"ఒప్పుకోను. రేపు ఇంకో ట్యూబు మనిషి వచ్చినా పోస్తాను."

అలా నా ఉద్యోగం పోయింది. మీరంటున్న రిటైర్మెంటు నిజానికి అదే. ఆదివారాలు వెనక వరసలో ఆమె పక్క బెంచీ మీద కూర్చునేవాణ్ణి. నెలకోసారి బల్ల ఇవ్వడానికి చైర్మనే టెక్కలి నుంచి వచ్చేవాడు. పళ్ళెం ఆమె దగ్గరికి వచ్చినప్పుడు వాడు కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆమె తన ముక్క తను తీసుకునేది. ఒక్క నెలా మానలేదు.

కొన్ని నెలలకి, ఒక ఉదయం డయాలసిస్‌కి బయల్దేరుతూ ఆటో ఎక్కబోయి గుమ్మంలోనే కూలిపోయింది. గుండె ఆగిపోయింది.

భర్త తరఫు చుట్టాలు తమ శ్మశానానికి తీసుకుపోదామన్నారు. అతను ఒప్పుకోలేదు. "దాని మాట వాళ్ళమ్మ పక్కన. మాట తప్పితే అది నన్ను కలలో కూడా బతకనివ్వదు" అని ఆటో మందిరానికి తిప్పాడు. మా సంఘంలో పెద్దలు సమాధుల తోట గేటు తాళం పట్టుకుని, తియ్యాలో వద్దో తెలీక టెక్కలి ఫోన్ చేశారు. నేను కలగజేసుకోలేదు. ఆ తాళం తియ్యకపోతే గోడ దూకి గొయ్యి తవ్వడానికి పిక్కలు కొట్టే ఆడవాళ్ళు అప్పటికే పార తెచ్చుకున్నారని నాకు తెలుసు. ఎవరు తెమ్మన్నారని అడక్కండి.

చైర్మను బండి మీద వచ్చాడు, తెల్ల గౌను సంచీలో పెట్టుకుని. పెద్దల చేతిలోంచి తాళం తీసుకుని తనే గేటు తీశాడు. తల్లి పక్కనే గొయ్యి తవ్వారు. పెట్టె దించే ముందు మా సంఘాల్లో ఒక మాట చెబుతాం. ఈ సహోదరి విశ్వసించి, బాప్తిస్మం పొంది, ప్రభు బల్లలో మనతో పాలుపొందినది అని, పాస్టరు అందరికీ వినబడేలా చెప్పాకే పెట్టె దించాలి. వాడు వాక్యం చదివాడు, ప్రార్థన చేశాడు, పెట్టె దించమని చెయ్యి ఊపాడు. ఆ మాట చెప్పలేదు.

తాళ్ళు పట్టుకున్నవాళ్ళు వంగారు.

"ఆగండయ్యా" అన్నాడు భర్త. ఆ తోటలో మా మతం కానివాడు అతనొక్కడే. "ఒక మాట ఇడిసీసినారు. మా అత్తకి సెప్పినారు, నాను ఇన్నాను. దీనికీ సెప్పండి."

చైర్మను నా వైపు చూశాడు. పాత రోజుల్లో పరీక్ష హాల్లో జవాబు గుర్తురానప్పుడు చూసే చూపది. నేను సాయం చెయ్యలేదు. ఆ మాట వాడి నోటితోనే రావాలి. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు అలాగే వంగి ఉన్నారు. ఆడవాళ్ళు ఏడుపు ఆపేశారు.

"ఈ సహోదరి" అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఈ సహోదరి విశ్వసించి, బాప్తిస్మం పొంది, ప్రభు బల్లలో మనతో పాలుపొందినది." బాప్తిస్మం అన్నమాట కూడా అందరికీ వినబడింది. ఆడవాళ్ళు ఆమెన్ అన్నారు, రైలు పట్టాల అవతలిదాకా వినబడేలా అన్నారు. పెట్టె దిగింది.

గేటు దగ్గర చేతులు కడుక్కోవడానికి నీళ్ళ టిన్ను పెట్టారు. వాడు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నేను ఒప్పుకున్నట్టు కాదురా" అన్నాడు.

"ఒప్పుకోమని ఎవడడిగాడు? నోటితో అన్నావు, చాలు" అని వాడి చేతుల మీద నీళ్ళు పోశాను.

నా పేరు ఇప్పటికీ ఆ పట్టీలోకి ఎక్కలేదు. ఎక్కించమని నేను అడగలేదు, అడగను. తప్పయిందని రాసిస్తే రేపే ఎక్కిస్తారు. వాళ్ళు ఎదురుచూస్తూనే ఉండనీ.

ఆ స్టీలు చెంబు ఆమె భర్త నాకిచ్చాడు. మా ఇంట్లో అలమరలో ఉంది. ఈమధ్య కంచిలి వైపు ఒక కుర్ర పాస్టరు వచ్చి టీ తాగి, లేచేముందు గొంతు తగ్గించి దాన్ని అడిగి తీసుకెళ్ళాడు. వాళ్ళ సంఘంలో ఒకాయనకి మెడలో ట్యూబట. మర్నాడు కడిగి తెచ్చి ఇచ్చాడు. మీకు కావాల్సొస్తే మీరూ రండి. గొంతు తగ్గించక్కర్లేదు. కమిటీవాళ్ళు పిలిచి ఎవడు నేర్పాడురా అంటే నా మీదే చెప్పండి. టిన్ను నీళ్ళ పాస్టరు అంటే చాలు, వాళ్ళకి తెలుసు.